మూడో గేరు మీద చెయ్యి

అయినా ఆ చెయ్యి ఎంత బరువో ఆ చేతికి తెలుసని నేననుకోను. మనుషులు దేనిమీదైనా చెయ్యి వేసి, వేశామన్న సంగతే మరిచిపోతారు. కిందున్నవాళ్లకే అది గుర్తుంటుంది. నేను ఒక పాత వ్యాను గేరుబాక్సుని. కిందున్నదాన్ని.

పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, ఒక పెద్ద కర్మాగారంలో. అల్యూమినియం కరిగించి నా ఒళ్లు పోతపోశారు. లోపల ఇరుసులు, వాటిమీద పళ్లచక్రాలు, గేరు మార్చినప్పుడల్లా అటూ ఇటూ జరపడానికి వేళ్లలాంటి ఇనుప ఫోర్కులు అమర్చి, నూనె పోసి, మూత బిగించేశారు. అప్పటినుంచీ నాది చీకటి కాపురం. పైనుంచి గేరు రాడ్డుగుండా దిగివచ్చే చేతుల్ని బట్టీ, వినబడే మాటల్ని బట్టే మనుషుల్ని ఎరుగుదును.

నా మొదటి యజమాని కాకినాడలో ఒక రిటైరైన లెక్కల మాస్టారు. క్లచ్చిని ఆయన కాళ్లపీటలా వాడుకునేవారు. గేరు మార్చేముందు "వస్తున్నానమ్మా" అని నాకు చెప్పి మరీ మార్చేవారు. చెప్పినంత మెత్తగా మార్చడం మాత్రం ఆయనకి చేతకాలేదు. చూపు మందగించాక వ్యానుని వంటమేస్త్రి గవర్రాజుకి ఇచ్చేశారు.

గవర్రాజు పెళ్లిళ్లకి వంటలు చేస్తాడు. వెనక సీట్లు పీకించి గుండిగలూ గంగాళాలూ పొయ్యిలూ ఎక్కించాడు. ముందు సీట్లో భార్య సత్యవేణి, వెనక బోర్లించిన గుండిగ మీద ఆమె తమ్ముడు బుల్లియ్య. బండి కదిలిందంటే బావాబావమరుదులకి ఒకటే వేళాకోళం.

"బావా, మొన్న నీ సాంబారు దెబ్బకి పెళ్లికొడుకు పీటలమీంచి లేచిపోయాడంట గదా!"

"సాంబారుకి కాదురా. నీలాంటి బావమరిది ఉన్నాడని అప్పుడే తెలిసిందంట."

"మీ సరసాలు తగలెయ్య, ముందా రాడ్డు మీంచి చెయ్యి తియ్యండి. అదేవన్నా ఊతకర్రా?" అంటూ సత్యవేణి ఆ చేతిమీద ఒక్కటిచ్చేది.

తీసేవాడు. కాసేపటికి మళ్లీ వేసేవాడు. మళ్లీ ఒక దెబ్బ. ఆమెకి నా మీద జాలి అని చాన్నాళ్లు మురిసిపోయాను. ఆ చేతిని తాకడానికి ఆమెకి ఒక వంక కావాలనీ, అతను చెయ్యి వేసేది కూడా ఆ దెబ్బ కోసమేననీ తర్వాతెప్పుడో అర్థమైంది.

ఒక వానాకాలం జ్వరం వచ్చి ఆమె పోయింది. ఇక చెయ్యి తీయించేవాళ్లు లేరు. గుండిగ మీద బుల్లియ్య ఉన్నాడు గాని, అక్క కూర్చున్న సీట్లోకి రాలేదు. రమ్మని గవర్రాజూ అనలేదు. కాలవగట్టు వెంబడి ఊళ్లకి ఊళ్లు దాటిపోయేవి, ఇద్దరి మధ్యా గరిటెల చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. గవర్రాజు నోటితో అనలేనివన్నీ అరచేతిలోంచి రాడ్డులోకి, రాడ్డులోంచి నా మూడో గేరు ఫోర్కు మీదికి దిగేవి. ఆ బరువుకి ఫోర్కు తిరిగే చక్రాన్ని ఒరుసుకుంటూ అరిగిపోసాగింది.

దసరా వస్తే బండికి పసుపు రాసి, బొట్లు పెట్టి, దండ వేసి, చక్రాలకింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ పగలగొట్టేవాడు. నా నూనె మార్చాలని మాత్రం ఏ దసరాకీ తోచలేదు. చెడు ఎప్పుడూ బయటినుంచే వస్తుందని మనుషుల నమ్మకం.

చివరికి మూడో గేరు నిలబడడం మానేసింది. వేసిన కాసేపటికే ఎగిరి న్యూట్రల్లో పడేది. మెకానిక్ బాజీ బండికిందికి దూరి, నా నూనె వేలితో తీసి చూసి బయటికొచ్చాడు.

"బాక్సు దించాలండి గవర్రాజుగారూ. నూనె తారైపోయింది. ఇప్పుడైతే ఫోర్కుతో సరిపోద్ది. నానబెట్టారో, పళ్లూడిపోతాయండి. మీయి కాదు, దీనియి."

"ముహూర్తాలు అయిపోనీ బాజీ, చూద్దాం."

అప్పటిదాకా గేరు ఎగరకుండా పక్కనుంచి ఎవరో ఒకరు రాడ్డు పట్టుకోవాలి. బుల్లియ్య గుండిగ మీంచి లేచి అక్క సీట్లోకి వచ్చాడు. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా గవర్రాజు చెయ్యి అతని చేతిమీదే పడేది. మొదట్లో రెండు చేతులూ బిగుసుకుపోయాయి. పోగా పోగా వదులయ్యాయి.

"బావా, చెయ్యా అది, రుబ్బురోలు పొత్రమా?"

"మాటలాపి గట్టిగా పట్టుకోరా ఎదవా."

ఎన్నాళ్లకో ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు రాడ్డులోంచి నాదాకా దిగింది. అంత తేలికైనది అదివరకు నా మీద ఎన్నడూ పడలేదు.

ముహూర్తాలు అయిపోయాయి. మళ్లీ వచ్చాయి. బాజీ అడిగినప్పుడల్లా గవర్రాజు రేపనేవాడు. పిసినారి అని నలుగురూ అనుకున్నారు. ఈలోగా విశాఖపట్నంలో ఒక హోటలువాళ్లు బుల్లియ్యని వంటకి రమ్మన్నారు.

"నే వెళ్తాను బావా. అక్కే లేనప్పుడు ఇక్కడ నేనేటి నీకు? ఈ బాక్సు బాగుచేయించుకో. అదయ్యేదాకా ఉంటాను."

ఆ మాటతో నా గతి తేలిపోయింది. ఉండిపోరా అనడం చేతకాని మనిషి, నన్ను బాగుచేయించే ఊసే మానేశాడు. నేను గరగరమని మొరపెట్టుకున్నాను. నేను నొప్పి అంటున్నాను, అతను ఇంకా గడువుంది అని వింటున్నాడు.

పెద్దాపురం పెళ్లికి పులిహోర గంగాళాలతో వెళ్తుండగా, మలుపులో నా పళ్లు విరిగి చక్రాల మధ్య ఇరుక్కున్నాయి. బండి కదల్లేదు. గంగాళాలు ఆటోల్లో వెళ్లాయి. పెళ్లివారి తిట్లు తలవంచుకుని తిన్నాక, ఇద్దరూ బండిని బాజీ షెడ్డుకి లాగించుకొచ్చారు.

బాజీ నా మూత విప్పాడు. ఇన్నేళ్లకి వెలుగు చూశాను. నూనె అడుగున ఇనుపరజను మెరిసింది. ఫోర్కుని గుడ్డతో తుడిచి చూపించాడు. ఒక్కవైపే అరిగి, కత్తి అంచులా ఉంది.

"ఇదంతా చెయ్యి బరువేనండి. ఇన్నాళ్లూ ఎందుకొదిలేశారండి బాబూ?"

బుల్లియ్య ఆ అంచుని వేలితో తడిమాడు. "మా అక్క చెప్తానే ఉండేది" అని కింద పెట్టేశాడు.

బండికి వేరే బాక్సు బిగించారు. నేను గోడవార పాతయినుము కుప్పమీదికి చేరాను. మూత లేకపోవడంతో అన్నీ కనిపిస్తున్నాయి. ఆ ముందు సీటు ఎంత చిన్నదో ఇప్పుడే చూశాను.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. బుల్లియ్య భుజాన సంచీ ఉంది. బస్టాండులో దింపితే విశాఖపట్నం బస్సు ఎక్కుతాడు. గవర్రాజు బండిని వీధి చివరిదాకా తిప్పి తెచ్చాడు. మూడో గేరు నిక్షేపంగా నిలబడింది. నిలబడిందని చెప్పేటప్పుడు అతని మొహంలో సంతోషం లేదు. ఎడంచెయ్యి మాత్రం అలవాటుకొద్దీ రాడ్డు మీదే ఉంది.

బుల్లియ్య వెనక్కి నడిచి, గుండిగల మధ్యకి కాలు పెట్టబోయాడు.

"అదేంటండీ, ముందు ఖాళీయేగా?" అన్నాడు బాజీ.

"గేరు నిలబడతంది గదా. ఇంక ముందు నాతో పనేటి?" బుల్లియ్య బావకేసి చూడకుండా అన్నాడు.

ఇంజను ఆడుతూనే ఉంది. ఆ చెయ్యి రాడ్డు మీద ఇంకాస్త బరువైంది. ఇక్కడినుంచి కూడా నాకు తెలుస్తోంది. పాపం, ఆ కొత్త బాక్సు. తర్వాత, ఎవరూ కొట్టకుండానే, చెయ్యి పైకి లేచింది. ఖాళీ సీటు మీదుగా సాగి, ఎడంపక్క తలుపు తెరిచి, బుల్లియ్య వచ్చేదాకా దాన్ని అలాగే పట్టుకుంది.