కల్ వత్తాం

ఉమామహేశ్వరిని పూర్తి పేరుతో, చివర ‘గారు’ తగిలించి పిలిచింది ఆ ఫోను ఒక్కటే. గోవింద్‌పూర్ కాలనీలో, ఆ హిందీ ఊరి తెలుగువాళ్లందరికీ, ఆమె ఉమ. అత్త నూకమ్మకైతే ‘ఒసే’.

ఆసుపత్రి వాళ్ల యాప్ ఇదివరకూ ఉంది. అంతా ఇంగ్లీషే. తొమ్మిదిలో బడి మానేసిన ఉమ దాన్ని తెరిచి, భయపడి మూసేసేది. మొన్న ఎండాకాలంలో దానికి మాట్లాడే సాయం ఒకటి అతికించారు. మూలన పచ్చ చుక్క. నొక్కితే మన భాషలో పలకరిస్తుంది, పిల్ల పేరు గుర్తుపెట్టుకుంటుంది, మనం ఎక్కడ తడబడతామో కనిపెట్టి అక్కడ చెయ్యందిస్తుంది.

ఉమ కూతురు అర్పితకి మూడో ఏడు నిండవస్తోంది. నోట మాట లేదు. వెనక పళ్లెం పడ్డా తిరిగి చూడదు. “ముందు చెవి పరీక్ష చేయించు. ఆలస్యమైతే మిషను పెట్టినా మాట రావడం కష్టం” అన్నాడు పిల్లల డాక్టరు. చెవి పరీక్ష చేసే ఆవిడ కలకత్తా నుంచి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఎన్నాళ్లో కాచుకోగా గురువారం ఖాళీ దొరికింది. పట్టి ఇచ్చింది ఆ పచ్చ చుక్కే.

మొదట్లో ఉమ ఏం చెప్పినా “మీరన్నది ఇదేనా?” అని తిరిగి అడిగేది. ప్రతిసారీ ఉమ ఔనంది. కొన్నాళ్లకి, “మీ మాట నాకు అలవాటైంది. ఇకపై అడిగి విసిగించను” అంది. తన మాట కూడా ఒకరికి అలవాటైందా అని ఉమ ఆ పూటంతా మురిసిపోయింది.

బుధవారం పిల్లకి అన్నం పెడుతుంటే ఫోను పలికింది. “ఉమామహేశ్వరి గారూ, అర్పిత పాప పరీక్ష సంగతి చెప్పండి.”

“కల్ వత్తాం” అంది ఉమ, ఇంట్లో మనిషికి చెప్పినట్టు.

“చాలా సంతోషం” అంది ఫోను.

మర్నాడు అత్తా, కోడలూ, పిల్లా ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లారు. టోకెన్ మిషను ఎన్నిసార్లు నొక్కినా చీటీ ఇవ్వలేదు. కౌంటర్లో ధర్మరాజు ఉన్నాడు, రైల్వే క్వార్టర్ల తెలుగతను. తెర చూసి కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

“టెస్ట్ మంగళవారమే అయిపోయింది కదమ్మా.”

“మంగళారం మేం రానేదు బాబూ.”

“వచ్చేమని నిన్న ఫోన్లో నువ్వే సెప్పేవు. ఇదిగో, కల్ వచ్చాం.”

“కల్ వత్తాం అన్నాను. రేపొత్తామని.”

ధర్మరాజు నాలుక కరుచుకున్నాడు. హిందీలో నిన్నా కల్లే, రేపూ కల్లే. ఏ కల్లో తేల్చి చెప్పాల్సిన ‘వత్తాం’, అంటే వస్తాం, ఆ పచ్చ చుక్కకి రాదు. అది నేర్చుకున్నది పుస్తకాల తెలుగు. వత్తాంని వచ్చాం చేసుకుని, పరీక్ష అయినట్టు రాసేసుకుంది. ఉమ చోటు ఇంకో బిడ్డకి ఇచ్చేసింది.

“ఇంట్లో తెలుగు సచ్చిందేటే? రేపు అనడానికి నోరు పడిపోయిందా?” అంది నూకమ్మ.

“నువ్వూ కల్లే అంతావు కదత్తా.”

“నాను నీతో అంతాను. మిషన్లతో అంతానా?”

ధర్మరాజు లోపలికి వెళ్లి చాలాసేపటికి వచ్చాడు. వస్తూనే నేల చూశాడు. “మేడం రాత్రి బండికి ఎళ్లిపోతారట. పేర్లన్నీ నిండిపోయాయి. మళ్లీ వచ్చేది వానలు పోయాకే.”

“అప్పటికి దీనికి మూడు దాటిపోతాది బాబూ.”

“మళ్లీ క్యూలో పెట్టేనమ్మా. ఆ యాప్ మాత్రం తీసెయ్యకు. నంబరు అందులోనే వత్తాది.”

“పరీక్ష అవలేదని దానికి సెప్పండి.”

“అయిందన్నదాన్ని కొట్టేయడం మా సేతిలో లేదు. ఆ యాప్ చేసిన హైదరాబాదోళ్లకి మెయిల్ పెట్టాలి. పెట్టేను. ఆళ్లు సూడాల.”

తిరుగు ఆటోలో అర్పిత ఒక్కతే హుషారుగా రోడ్డు మీద లారీలు చూసుకుంది. ఒకదాని హారన్‌కి నూకమ్మ ఉలిక్కిపడింది. పిల్ల రెప్ప వేయలేదు. ఇద్దరు ఆడవాళ్లూ అది చూశారు, చూడనట్టు చెరోవైపు తిరిగారు.

ఇంటికొచ్చి కూర్చున్నారో లేదో ఫోను పలికింది.

“ఉమామహేశ్వరి గారూ, పరీక్ష పూర్తయింది కాబట్టి ఇవాళ్టి నుంచి మాటల పాఠం. పాప చేత అమ్మ అనిపించండి. నేను వింటాను.”

“పరీక్ష అవనేదు” అంది ఉమ, ఒక్కో ముక్కా విడదీసి.

“భయపడకండి. చాలామంది తల్లులు మొదట్లో ఇలాగే అంటారు. మొదలుపెడదామా?”

తీసెయ్యడానికి లేదు. వినకుండా మూసేస్తే రావాల్సిన ఆ నంబరు కూడా రాదేమోనని భయం. ఉమ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఫోను మధ్యలో పెట్టి, నోరు తెరిచి “అమ్మ” అంది.

అర్పిత తల్లి పెదవుల వంకే చూసింది. నవ్వింది. అచ్చం అలాగే నోరు తెరిచి, పెదాలు కలిపి, మళ్లీ తెరిచింది. ఎక్కడా తేడా లేదు, శబ్దం తప్ప.

“వినపడలేదు. ఇంకొంచెం గట్టిగా” అంది ఫోను.

ఉమ ఇంకా పెద్దగా నోరు తెరిచింది. పిల్లా తెరిచింది.