రెండు వీధుల బరువు

మంగళవారం పొద్దున కాఫీలు కాగానే ఆల్మా బల్ల తుడిచేది. ఆమె అన్న ప్రాసె గారు వంటింటి త్రాసు తెచ్చి దానిమీద పెట్టేవారు. అప్పటికే మెట్లమీద నలుగురైదుగురు కవర్లు పట్టుకుని నిలబడి ఉండేవారు. గోటింగెన్ ఊళ్లో పాత తపాలా బిళ్లలు పోగేసేవాళ్లకు ఆయన మాటే మాట.

అందరూ తెచ్చేది ఎక్కువగా పంతొమ్మిదివందల ఇరవైమూడు నాటివే. డబ్బు విలువ పడిపోయి, పొద్దున కోట్లు పలికిన బిళ్ల సాయంత్రానికి చిత్తుకాగితమైపోయిన పాడు ఏడాది అది. వాడకుండా మిగిలిపోయినవి ఇంటింటా గుప్పెళ్లకొద్దీ ఉన్నాయి, వాటిని అడిగే దిక్కు లేదు. నిజంగా ఆ రోజుల్లోనే ఉత్తరం మీద ఊరు దాటినవి అరుదు కాబట్టి వాటికే విలువ. దాంతో పాత తేదీలతో దొంగ ముద్రలు కొట్టేవాళ్లూ బయల్దేరారు. ప్రాసె గారి దగ్గర మాత్రం వాళ్ల ఆటలు సాగలేదు. ఉత్తరం మీద నడిచిన బిళ్లకు నడిచిన దూరమంత బరువుంటుంది కదా. దగ్గర్లోని హనోవర్ నుంచి వచ్చింది బంగాళాదుంపంత తూగేది. ఎక్కడో దూరాన ఉన్న కోనిగ్స్‌బర్గ్ నుంచి వచ్చిన కవరును ఇద్దరు మోసుకొస్తే బల్ల కాలు విరిగిందని ఆల్మా వారంపాటు సణిగింది.

ఆ మంగళవారం అందరూ వెళ్లాక గెర్లిండె లోపలికొచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, చాకలి దుకాణంలో ఇస్త్రీ చేస్తుంది. చేతిలో ఒకే ఒక కవరు.

"అమ్ముతావా అమ్మా?" అన్నారాయన.

"లేదండీ. ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పండి, చాలు. ఊరి పేరు అలుక్కుపోయింది."

ఆమెకు మూడేళ్లప్పుడు తండ్రి పని వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. తర్వాత వచ్చింది ఈ ఒక్క ఉత్తరమే. ఇల్లు మారొద్దు, తిరిగొచ్చి ఈ తలుపే కొడతాను అని ఉంది అందులో. తల్లి పోయినా గెర్లిండె ఆ ఇల్లు వదల్లేదు, ఒక్క రోజైనా తాళం పెట్టి పొరుగూరు వెళ్లలేదు. బ్రెమెన్‌లో బెరెండ్ అనే గడియారాల మరమ్మతుదారు రెండేళ్లుగా పెళ్లాడమని అడుగుతున్నాడు. ఈస్టర్ దాటితే ఇక అడగనని మొన్ననే రాశాడు.

"ఊరు తెలిస్తే వెళ్లి నాన్నను వెతుకుతాను. తెలియకపోతే ఇక్కడే ఉంటాను. బెరెండ్‌కి అలాగే రాసేస్తాను," అంది.

"ముప్పై అయిదేళ్లుగా రానివాడు నువ్వు స్నానానికెళ్లినప్పుడు వచ్చిపోతాడేమోనని భయమా?" అంది ఆల్మా, గిన్నెలు కడుగుతూనే.

"నువ్వూరుకో," అన్నారు ప్రాసె గారు. ఆయన భూతద్దం పెట్టి చూశారు. వెయ్యి కోట్ల మార్కుల బిళ్ల, ఆ వారం తపాలా రేటు సరిగ్గా అంతే. తేదీ స్పష్టంగా ఉంది. ఊరి పేరు మీద మాత్రం సిరా ఆరకముందే ఎవరో బొటనవేలు అదిమారు.

కవరు త్రాసులో పెట్టారు. ముల్లు కదల్లేదు. ఆయన ఊపిరి బిగబట్టి చూస్తే వెంట్రుకవాసి జరిగి ఆగింది.

అంగడివాళ్లు చేసే పని ఆయనకు తెలియనిది కాదు. చిటికెనవేలు పళ్లెం అంచున ఆనిస్తే ముల్లు మ్యూనిక్ దాకా పోతుంది. గెర్లిండె ముఖం చూస్తే ఆనించాలనే అనిపించింది. నలభై ఏళ్లలో మొదటిసారి ఆయన వేలు అంచు దాకా వెళ్లింది. వెనక్కి తీసుకుని చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

"మీ అమ్మ ఏం పని చేసేది?"

"తపాలా ఆఫీసులో ముద్రలు కొట్టేదండీ. మా ఇంటికి రెండు వీధుల అవతల."

"ఇది నడిచింది రెండు వీధులేనమ్మా."

గెర్లిండె వంగి ముల్లును చూసింది. "అయితే ఇది దొంగదా?"

"నా లెక్కలో దొంగదే. దీని వెనక అసలైనదని నా గుర్తు వేయలేను."

"అమ్మ నన్ను మోసం చేసిందన్నమాట."

ఆల్మా చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. "నాన్నేడీ నాన్నేడీ అని పసిపిల్ల రోజూ ఏడుస్తుంటే ఆ తల్లి ఏం చేస్తుందే? నువ్వు ఇన్నేళ్లు కాపలా కూర్చుంటావని ఆమె కలగన్నదా?"

"బిళ్ల మాత్రం డబ్బు పోసి కొన్నదే," అన్నారు ప్రాసె గారు. "చదవడం రాని పిల్లకు ఏది అంటించినా చెల్లేది. ఆ కరువులో ఒక రొట్టెముక్క మానుకుని, సరైన రేటు బిళ్లే అంటించింది."

అప్పుడు ఏడ్చింది గెర్లిండె. తండ్రి కోసం ఏడుస్తున్నాననే అనుకుంది గానీ కళ్లముందు కనిపించింది తల్లే, కోటు కింద కవరు దాచుకుని చలిలో గబగబా నడిచొస్తూ. కవరు తిరిగి తీసుకుని ఇద్దరికీ దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

ఆమె తపాలా ఆఫీసు దగ్గర మొదలుపెట్టి ఆ రెండు వీధులూ నెమ్మదిగా నడిచింది. ఇంటికెళ్లి చిన్న పెట్టె సర్దుకుంది. తాళంచెవి కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలి చేతికిచ్చి, మధ్యాహ్నం బండికి బ్రెమెన్ వెళ్లింది. ముప్పై అయిదేళ్లలో మొదటిసారి, ఆ రాత్రి ఎవరైనా వచ్చి ఆ తలుపు కొడితే తీసే మనిషి లేదు.