సైరన్ నడుమ వైర్ల పరీక్ష

మా నాన్న, బాపు, జబ్బుపడి దిగిపోతే ఆయన బొగ్గుబాయి నౌకరి తమ్ముడు వీరేందర్‌కు ఇచ్చారు. నీకు కావాలా అని నన్ను మాటవరసకైనా అడగలేదు. ఒళ్లు మండిపోయింది. అందుకే కార్ల వైర్లు తయారుచేసే కంపెనీ వాళ్లు ఆడవాళ్లను తీసుకోవడానికి మా రామగిరిలో పరీక్ష పెడుతున్నారని తెలియగానే ఎగిరి గంతేశాను. ఈ నౌకరి నాకు రావాల్సిందే!

పరీక్ష పెట్టే చక్రపాణి సారు కోస్తా మనిషి. "కారు నిండా వైర్లేనమ్మా. ఎన్ని మెషిన్లొచ్చినా వీటిని చేతులతోనే కూర్చాలి. మొరాకోలో, మెక్సికోలో వేలమంది ఆడవాళ్లకు ఇదే బతుకుతెరువు. మా కొత్త ఆర్డరు మాత్రం హైదరాబాదు ఫ్యాక్టరీకి తెచ్చాం," అన్నాడు.

ఎక్కడి మొరాకో, ఎక్కడి రామగిరి! అక్కడి పిల్ల చేసేది నేను చేయలేనా?

బల్ల మీది గీతల వెంబడి రంగురంగుల వైర్లు పరిచి, కొసలు ప్లగ్గుల్లో నొక్కాలి. గంట కొట్టేలోపు చివరి బల్బు వెలగాలి. మంచి జోరు మీదున్నాను. అంతలో ఊరి పక్క ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్‌కు ముందు కొట్టే సైరన్ మోగింది. అంతే! ఊరి ఆడవాళ్లమంతా చేతిలో పని వదిలి బయటికి ఉరికాం. పేలుడుకు గోడలు అదురుతాయని చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. వాకిట్లో నిలబడ్డాక గానీ పరీక్ష గుర్తుకు రాలేదు. "నీ మొకం మండ, సంధ్యారాణీ!" అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఢామ్మని పేలింది. లోపలికి పరుగెత్తేసరికి సారు గడియారం చూపించాడు. "ఫ్యాక్టరీలో ఇలా లైను వదిలేసి పరిగెడితే ఎలాగండీ?"

కోపం నషాళానికంటింది. "సైరనైతే బయటికి ఉరుకుడు మాకు ఉగ్గుపాలతోని అచ్చింది సార్. మీ ఫ్యాక్టరీల సైరనైనా గిట్లనే ఉరుకుత. మల్ల అచ్చి పని జేస్తున్న గద! మాటలు వెట్టి నా టైం తినకుండ్రి!" అంటూనే ప్లగ్గులు నొక్కుతున్నాను.

"గట్లడుగు! కానియ్ చెల్లె, జల్ది!" అంది పక్క బల్ల జమునక్క, తన వైర్లతో కుస్తీ పడుతూనే.

ఆఖరి ప్లగ్గు పడింది. బల్బు వెలిగింది! ఆ వెంటనే గంట కొట్టారు. సారు వైర్లన్నీ లాగి చూశాడు, ఒక్కటీ ఊడలేదు. "నోరు కాస్త ఎక్కువేనండీ, చేతులు మాత్రం బంగారం. సోమవారం హైదరాబాదు వచ్చి చేరండి," అన్నాడు.

జమునక్కను పట్టుకుని గిరగిరా తిప్పేశాను. ఇల్లు ఎలా చేరానో నాకే తెలియదు. నౌకరి వచ్చిందని గడపలోంచే అరిచాను.

బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు. నా చేతుల వైపు చూశాడు.

"డ్యూటీ ఏ షిఫ్టు బిడ్డా?"

మా ఇంట్లో ఆ మాట ఇన్నేళ్లూ మగవాళ్లనే అడిగారు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వస్తుంటే, "ఏ షిఫ్టైనా చేస్త బాపూ!" అన్నాను.