ఫొటో అంచున చెయ్యి

గురువారం ఉదయం పదిన్నరకి రాజమండ్రిలో ఒక గానసభ హాల్లో మొదటి వరసకీ వేదికకీ మధ్య దూరం రెండు కిలోమీటర్లు పెరుగుతుంది. కచేరీ మాత్రం ఆగదు. పెరిగిన మేరకు కుర్చీలు వచ్చి చేరతాయి, వాటిల్లో జనం కూడా కూర్చుని ఉంటారు. ఏర్పాట్ల విషయంలో సభవాళ్లని వేలెత్తి చూపడానికి లేదు.

హైమవతి లేచి నడక మొదలుపెడుతుంది. ఆమె మెడలో ఉన్న కెమెరాకి దూరాన్ని దగ్గరికి లాగే లెన్స్ లేదు. దగ్గరగా కావాలంటే కాళ్లే గతి. బస్సు డిపోలో ఇరవై ఆరేళ్లుగా డ్రైవర్లకి డ్యూటీ చార్టులు రాస్తున్న మనిషి గనక, రెండు కిలోమీటర్లకి ఎంతసేపు పడుతుందో ఆమెకి బాగా తెలుసు. గబగబా నడిస్తే ఇరవై నిమిషాలు. ఇప్పుడు నడుస్తున్న కీర్తన, ఆ తర్వాత పాట ఆగి మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనం, ఆఖర్న మంగళం. మంగళం లోపల చేరాలి. చేరకపోతే ఇంత నడకా వృథా.

యాభై ఒకటో ఏట ఇదేం పిచ్చి అని ఇంట్లో అందరూ అడిగేశారు. మూతపడుతున్న స్టూడియోలో రీలు కెమెరా కొనుక్కోవడం ఏమిటి, శెలవు పెట్టి మరీ కచేరీల వెంట తిరగడం ఏమిటి, ఫొటోలే కావాలంటే ఫోను లేదా? ఫోను నొక్కగానే బొమ్మ చూపించేస్తుంది, అందుకే హైమవతికి దాని మీద గురి కుదరదు. రీల్లో ఉన్నవి ముప్పై ఆరే అని తెలిస్తేనే కన్ను ఒళ్లు దగ్గర పెట్టుకుని చూస్తుంది. ఈ ముక్క ఇంట్లో చెప్పినా ఎవరికీ ఎక్కలేదు.

అసలు సంగతేమిటంటే, ఇవాళ మృదంగం సీతారత్నం గారి ఆఖరి కచేరీ. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. పోయిన నెల డిపోకి వచ్చి, హైమవతి బల్ల ముందు కూర్చుని, కొంగు తప్పించి కుడి చెయ్యి చూపించింది. మోచెయ్యి దాకా ఉంది. ఆ కింద లేదు.

"ఎప్పుడు పోయిందండీ?" అంది హైమవతి.

"పోలేదమ్మా. ఫొటోల్లో ఉంది. యాభై ఏళ్లు పక్కవాద్యం వాయించాను. ఫొటో తీసే ప్రతివాడూ పాడేవాళ్లని మధ్యలో పెడతాడు. అంచున నా చెయ్యి పడుతుంది, నేను పడను. అది చూసి చూసి, ఇక ఫొటోల్లోనే ఉంటానని వెళ్లిపోయింది."

"మరి కచేరీలో ఎలా వాయిస్తున్నారు?"

"కచేరీకి వస్తుంది. పని దగ్గర మాట తప్పదు. మంగళం అవ్వగానే మళ్లీ పోతుంది. ఇక కచేరీలే లేకపోతే ఎందుకొస్తుంది చెప్పు? నన్నూ దాన్నీ కలిపి ఒక్క ఫొటో తీసిపెట్టమ్మా. దాని ఇల్లెక్కడో దానికి తెలుస్తుంది. నేను అన్నం కలుపుకోవాలి గదా."

హైమవతిని ఫొటో తియ్యమని అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఆ సంతోషంలో ఆ రోజు మారేడుమిల్లి బస్సుకి ఇద్దరు డ్రైవర్లని వేసింది. ఇద్దరూ ఏమీ అనుకోకుండా ఒకే సీట్లో కూర్చుని వెళ్లొచ్చారు.

ఇప్పుడామె నడుస్తూనే ఫొటోలు తీస్తోంది. తియ్యకూడదు, దాచుకోవాలి, తెలుసు. కానీ వేలు ఊరుకోవడం లేదు. వేదిక అగ్గిపెట్టెంత ఉన్నప్పుడు ఒకటి, ఇడ్లీపాత్రంత అయ్యాక ఇంకొకటి. నూట నలభయ్యో వరసలో డిపో మేనేజరు ప్రకాశరావు ఆమెని ఆపుతాడు.

"హైమవతి గారూ, రేపు అమలాపురం ఫస్టు బస్సుకి ఎవర్ని వేశారండీ?"

"వీర్రాజునండి."

"వీర్రాజు ఇక్కడే ఉన్నాడే."

నిజమే. పక్క కుర్చీలో వీర్రాజు, బస్సు స్టీరింగు ఒళ్లో పెట్టుకుని దాని మీద కీర్తనకి తాళం వేస్తున్నాడు.

"కచేరీ అయ్యాక వెళ్తాడండి. బస్సుకి రేపటిదాకా టైముందిగా."

మేనేజరు సరేనని తల ఊపుతాడు. హైమవతి నడక పెంచుతుంది. చార్టులు రాసే ఎడం చెయ్యి ఊరికే ఉండలేక చీర కుచ్చిళ్లని నలుపుతోంది. ఆమెది పుట్టుకతో వచ్చిన ఎడమచేతి వాటం.

కీర్తన అయిపోతుంది. గాయని పక్కకి తిరిగి మంచినీళ్లు తాగుతుంది. తని ఆవర్తనం మొదలవుతుంది. అంతే, రెండు కిలోమీటర్ల జనమూ ఒక్కసారి లేచి కాఫీకి బయల్దేరతారు. ఏ ఊరి సభలోనైనా ఇదే వరస. ముసలావిడ యాభై ఏళ్ల విద్యంతా విప్పి చూపించే సమయానికి వీళ్లకి కాఫీ గుర్తొస్తుంది. హైమవతికి ఒళ్లు మండిపోతుంది. ఆ గుంపుకి ఎదురు తోసుకుంటూ వెళ్తుంది.

ఆ గుంపులోనే ఆమె భర్త నరసింగరావు ఉన్నాడు. ఎడం చేత్తో రమ్మని పిలుస్తాడు. ఎడం చేత్తో పిలవడం ఆయనకి ఎప్పటినుంచో అలవాటు.

"కాఫీ తాగొద్దాం రా. తని ఆవర్తనమేగా."

"అందుకేనండీ వెళ్తున్నది. మీరు తాగి రండి."

జనం వెళ్లిపోయేసరికి ఖాళీ కుర్చీలతో హాలుకి పని లేకపోయింది. మిగిలిన దూరాన్ని చాపలా చుట్టేస్తుంది. హైమవతి నాలుగడుగుల్లో వేదిక ముందుంటుంది.

సీతారత్నం గారి కుడి చెయ్యి వచ్చింది. మోచేతికి అతుక్కుని ఉంది కానీ పూర్తిగా కాదు, మధ్యలో వేలెడు వెలుతురు కనిపిస్తోంది. హైమవతి నొక్కుతుంది, రీలు జరిపే లివర్ లాగుతుంది, మళ్లీ నొక్కుతుంది. కెమెరా పైన అంకె ముప్పై ఆరు దాటుతుంది. ఒకటీ అరా ఎక్కువ రావడం మామూలే. నలభై దాటుతుంది. రీలు కూడా తన పక్షానే ఉందనుకుని మురిసిపోతుంది. నలభై ఐదు. నలభై ఎనిమిది. యాభై ఒకటి దగ్గర అంకె ఆగుతుంది.

అప్పుడు చూస్తుంది. లివర్ లాగినప్పుడల్లా కెమెరా ఎడమ పక్క పిడి తిరగాలి. తిరగడం లేదు. మొదటినుంచీ తిరగలేదు. పొద్దున్న కంగారులో రీలు కొసని చక్రంలో గుచ్చింది, అది పట్టుకుందో లేదో చూసుకోలేదు. ఇంతసేపూ కెమెరా ఖాళీగా చప్పుడు చేసింది.

హైమవతి వేదిక ముందు చతికిలబడిపోతుంది. "ఒక్కటీ పడలేదండీ," అంటుంది.

సీతారత్నం గారు వాయిస్తూనే వంగి చూస్తుంది. "ఒక్కటీ పడకపోతే, ఒక్కటీ ఖర్చు కానట్టేగా?"

హైమవతి వెనక మూత తెరుస్తుంది. యాభై ఒక్కసార్లు నొక్కిన రీలు డబ్బాలో భద్రంగా ఉంది. బయట నాలుగంగుళాల కొస మాత్రం వేలాడుతోంది. మూత తియ్యగానే అంకె సున్నాకి వచ్చింది. ముప్పై ఆరూ ముట్టుకోకుండా ఉన్నాయి. ఆమెకి నవ్వొస్తుంది, ఏడుపుతో కలిసే వస్తుంది.

కానీ ఎంత గుచ్చినా కొస సందులో దూరడం లేదు. మృదంగం మీద కుడి పక్క చప్పుడు ఆగుతుంది. సీతారత్నం గారి కుడి చెయ్యి దిగి వచ్చి, కొసని సందులో గుచ్చి, చక్రం పళ్లకి తగిలించి, రెండు వేళ్లతో తట్టి చూస్తుంది. అంతసేపూ ఎడం చెయ్యి ఒక్కటే తాళం నిలబెడుతుంది. తర్వాత కుడి చెయ్యి తిరిగి వెళ్లి తన చోట మోగుతుంది. హైమవతి మూత వేసి లివర్ లాగుతుంది. పిడి తిరుగుతుంది.

గాయని గొంతు సవరించుకుంటోంది. ముసలావిడ ముఖం, రెండు చేతులూ, మృదంగం, అన్నీ పట్టాలంటే వెనక్కి జరగాలి. జరిగితే హాలు మళ్లీ పెరుగుతుంది. హైమవతి ఎడం చెయ్యి వేదిక మీద ఆనించి, పైకి లేచి, కుడి చేత్తో కెమెరా ఎత్తి నొక్కుతుంది.

మోచేతి దగ్గరి వెలుతురు మూసుకుపోతుంది. గాయని మంగళం పాడుతుంది, అయిపోతుంది. చెయ్యి వెళ్లలేదు. సీతారత్నం గారు దాన్ని తిప్పి చూసుకుని, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుంటుంది.

"అమ్మాయ్, అంచున నీ చెయ్యి పడింది," అంటుంది.

హైమవతి చూసుకుంటుంది. ఎడం చెయ్యి మోచేతి కింద లేదు. అది వేదిక మీదే ఉండిపోయింది, వాచీతో సహా, చాప మీద తాళం వేసుకుంటోంది. చార్టులు రాసిన ఇన్నేళ్లలో అంత నిదానంగా అది ఎప్పుడూ లేదు. హైమవతికి దాన్ని పిలవాలనిపించదు.

"ఇంక నిన్నెవరు తీస్తారో చూసుకో," అంటుంది సీతారత్నం గారు.

కాఫీకి వెళ్లినవాళ్లు తిరిగి వస్తున్నారు. అందరికంటే ముందు నరసింగరావు, ఎడం చేతిలో కాఫీ గ్లాసుతో. ఆయన చొక్కా కుడి చెయ్యి మోచేతి దగ్గర మడిచి, పిన్ను పెట్టి ఉంది. హైమవతి దాన్ని మొదటిసారి చూస్తోంది. ఇంట్లో గోడ మీద పెళ్లి ఫొటో గుర్తొస్తుంది. మధ్యలో ఆమె, ఆమె భుజం మీద ఒక చెయ్యి, అక్కడితో ఫొటో అయిపోతుంది. ఆ చెయ్యి ఎవరిదని ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కనాడూ అడగలేదు.

"చెప్పలేదేమండీ?"

"నువ్వు ఫొటోలు తీస్తావని నాకేం తెలుసు?" అంటాడాయన.

ఆయన వెనక రెండు కిలోమీటర్ల జనం. ప్రతి ఒక్కరికీ ఒక చేతిలో కాఫీ, రెండో పక్క మడిచి పిన్ను పెట్టిన చొక్కానో, ముడేసిన కొంగో. అందరూ వరసలో నిలబడతారు.

ముప్పై ఐదున్నాయి. హైమవతి కెమెరాని గడ్డంతో అదిమి పట్టి, ఒంటి చేత్తో లివర్ లాగుతుంది.

"కాస్త వెనక్కి జరగండి. మొత్తం పడాలి మీరు."

నరసింగరావు ఒకడుగు వెనక్కి వేస్తాడు. హాలు ఒకడుగు పెరుగుతుంది. ఇంకో అడుగు వేస్తాడు. ఆయన వెనక జనమంతా, కాఫీ తొణక్కుండా, ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నారు. వేదిక మీద ఆమె చెయ్యి వాళ్ల అడుగులకి తాళం వేస్తోంది.