రెండు కడుపుల గిన్నె

మంగళవారం పొద్దున్నే లింగప్ప కత్తులకు కొబ్బరినూనె రాస్తున్నాడు. షట్టరు సగమే ఎత్తి, కుర్చీ మీద తెల్లగుడ్డ కప్పి, అద్దం ముందు రెండు ఊదుకడ్డీలు వెలిగించాడు. ధర్మవరం రైల్వే గేటు దగ్గరి ఆ చిన్న సెలూన్లో వారానికొకసారి జరిగే తంతు ఇది. మామూలు రోజుల్లో బ్లేడు విరిచి పెట్టుకునే కత్తితోనే పని. నాయన వదిలిపోయిన పాత కత్తిని మాత్రం మంగళవారం నాడు తోలుపట్టా మీద నాలుగుసార్లు అటూ ఇటూ తీసి, నుదుటికి ఆనించుకుని, మళ్ళీ గూట్లో పెడతాడు.

మంగళవారం కత్తికి ఒక్కపొద్దు అనేవాడు నాయన. పద్నాలుగో ఏట కత్తి పట్టిన లింగప్ప నలభై ఎనిమిదేళ్ళుగా ఆ మాట దాటలేదు. పెళ్ళికొడుకులు బతిమాలారు. ఒకసారి ఎవరో నాయకుడు జీపే పంపాడు. జీపు ఎట్లా వచ్చిందో అట్లాగే పోయింది.

పొట్టి మనిషి. నిలబడి నిలబడి మోకాళ్ళ కింద నరాలు నల్లగా ఉబ్బాయి. కుడిచెయ్యి చూపుడువేలు కత్తి పట్టిన వంపులోనే ఉండిపోయింది, అన్నం కలిపేటప్పుడు కూడా నిటారుగా రాదు. ఊళ్ళో సగంమంది గడ్డాలు గీసే ఇతని గడ్డం మాత్రం ఎప్పుడు చూసినా మూడు రోజుల పెరుగుదలతో ఉంటుంది. భార్య బాలనాగమ్మ ఉన్నన్నాళ్ళూ దెప్పుతూ ఉండేది. ఆమె పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. ఇప్పుడు ఆ గడ్డాన్ని పట్టించుకునేవాళ్ళే లేరు.

ఈ రోజు అతనికి తొందరగా ఉంది. పెనుకొండకు పోయే ప్యాసింజరు అందుకోవాలి. ఫోను అద్దం పక్కన చార్జింగులో ఉందన్న సంగతి షట్టరు దించి తాళం వేశాక గుర్తొచ్చింది. మంగళవారం నాకెవడు చేస్తాడులే అనుకుని స్టేషను వైపు నడిచాడు.

రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాడే గాని, మనసు నిన్న సాయంత్రం దగ్గరే ఆగిపోయింది.

వెంకటేశులు అతనికి తోడబుట్టని అన్న. పట్టుచీరలు నేసే మనిషి. రెండేళ్ళ కిందట మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. ఎడమవైపంతా పడిపోయింది, మాట పోయింది. "పాప" అన్న ఒక్క ముక్క మాత్రం మిగిలింది. పాప అంటే అగళిలో కాపురముంటున్న కూతురు ప్రమోద. ఇప్పుడు ఆ మగ్గం కొడుకు కుమారస్వామి నేస్తున్నాడు. దాని పక్కనే మంచం వేసి తండ్రిని పడుకోబెట్టారు. లింగప్ప వారానికి రెండుసార్లు పోయి గడ్డం గీసి వస్తాడు.

అక్కడే చిక్కు వచ్చింది. ఎడమ చెంపకు స్పర్శ లేదు. కుడి చెంపకు మాత్రం రెండు చెంపల స్పర్శా వచ్చి చేరినట్టుంది. ఎంత వేడినీళ్ళతో కలిపినా, నురగ కాసేపటికి చల్లబడుతుంది. చల్లటి బ్రష్షు తగలగానే పెద్దాయన నిలువునా వణికిపోతాడు, కంట్లోంచి నీళ్ళు కారతాయి. అది చూసి వచ్చిన రోజు లింగప్పకు అన్నం సయించేది కాదు. చీరల కొట్లో పనిచేసే సురేష్ ఒకనాడు ఫోనులో ఏదో దేశపు మంగలి వీడియో చూపించి నవ్వాడు. గిన్నెలో గిన్నె. లోపలిదాంట్లో నురగ, రెంటి మధ్య వేడినీళ్ళు. లింగప్ప నవ్వలేదు. ఆ వీడియో మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూశాడు. ఆ తర్వాతి మంగళవారమే పెనుకొండ వెళ్ళి, కుండలు చేసే ఈరక్క ముంగిట్లో పుల్లతో బొమ్మ గీసి చూపించాడు. గిన్నెలు తయారయ్యాయని కబురొచ్చింది నిన్ననే.

ఆ సంగతి చెబుదామని నిన్న సాయంత్రం వెంకటేశులు ఇంటికి పోతే, కోడలు కమలాక్షి గడపలోనే ఎదురొచ్చింది.

"చిన్నమామా, రేపు మా వదిన వస్తాండాది. సాయంత్రం బస్సుకే పోవాలంట, సెలవు దొరకలేదంట. మామ పొద్దుట్నుంచి చెంప సూపిచ్చి సూపిచ్చి సంపుతాండాడు. రేపు పొద్దున్నే వచ్చి గీసిపోతావా?"

వెంకటేశులు మంచం మీద నుంచి చూస్తున్నాడు. బాగున్న చేత్తో చెంప తడుముకుని "పాప" అన్నాడు.

"రేపు మంగళవారం గదన్నా. కత్తి ముట్టను" అన్నాడు లింగప్ప. "బుధవారం పొద్దున్నే వస్తా. నీకు వణుకు లేకుండా సేస్తా సూడు. పాపను ఒక్క పూట ఉండమను."

నిజం చెప్పాలంటే అప్పుడే పరుగున పోయి పెట్టె తెచ్చుకుని గీసేయవచ్చు. చీకటి కూడా పడలేదు. కానీ రేపు గిన్నె వస్తుంది, ఇంకొక్కసారి ఆ చల్లటి నురగతో ఎందుకు ఏడిపించడం అనుకున్నాడు. వెంకటేశులు చెయ్యి చెంప మీదే ఉంది. లింగప్ప దాన్ని మెల్లగా దించి దుప్పట్లో పెట్టి వచ్చేశాడు.

పెనుకొండలో దిగేసరికి ఎండ కొండ రాళ్ళ మీదికి వచ్చింది. ఈరక్క వసారాలో మూడు గిన్నెలు వరసగా పెట్టి కూర్చుంది. ఇప్పుడామె చేసేవన్నీ టీ కప్పులు, పూల కుండీలు. ఇట్లాంటిది ఆమె చేతిలో పడడం ఇదే మొదలు.

"రెండు కడుపుల గిన్నె అని పేరు పెట్టినా" అంది. "లోకంలో గడ్డానికి గూడా నీళ్ళకాగు గావాలన్నోడివి నువ్వొక్కడివే."

మొదటిది నల్లగా, నున్నగా, అందంగా ఉంది. వేడినీళ్ళు పోశారు. మాటల్లో ఉండగానే చల్లబడింది. గోడలు మరీ పలచన. రెండోది వేడి నిలిపింది గాని, నీళ్ళు నిండిన చెంబంత బరువు. ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో బ్రష్షు పట్టుకుని మంచం మీదికి వంగే మనిషికి అది పనికిరాదు. లింగప్ప ఒక్కొక్కదాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు, వంగి చూశాడు, చెంపకు ఆనించుకున్నాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు.

"ఏమప్పా, పెండ్లికూతురికి గాజులు ఎంచినట్ల ఎంచుతాండావే!"

మూడోదాని పిడి వంకర. పచ్చిమీద ఉన్నప్పుడు ఈరక్క బొటనవేలు పడి ఒకచోట సొట్ట. పగలగొడదామనుకున్నానంది. లింగప్ప వేలు సరిగ్గా ఆ సొట్టలో కూర్చుంది. వంగిపోయిన చూపుడువేలికి ఆ వంకరపిడి అతికినట్టు సరిపోయింది. నీళ్ళు పోసి పక్కన పెట్టారు. ఈరక్క టీ ఇచ్చింది. తన మోకాళ్ళ నొప్పి చెప్పింది, మనవరాలి చదువు చెప్పింది. టీ అయిపోయాక చాలాసేపటికి లింగప్ప గిన్నెను మళ్ళీ చెంపకు ఆనించుకున్నాడు. వెచ్చగా ఉంది. ఎవరో చెయ్యి వేసినట్టుంది. ముసలి ముఖం చిన్నపిల్లాడిదైపోయింది.

"ఇదే" అన్నాడు.

గడ్డి చుట్టి సంచిలో పెడుతూ ఈరక్క హెచ్చరించింది. "రైల్లో జాగ్రత్తప్పా. కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు."

తిరుగు ప్రయాణమంతా సంచి ఒళ్ళోనే పెట్టుకున్నాడు. బాలనాగమ్మ పోయిన రోజులు గుర్తొచ్చాయి. నేతగాడు అమావాస్యకు తప్ప మగ్గం దిగడు. అట్లాంటిది వెంకటేశులు అప్పుడు సగం నేసిన చీరను మగ్గం మీదే వదిలేసి, మూడు రోజులు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. మూడో రోజు మాత్రం తనే చేత్తో అన్నం ముద్ద కలిపి పెట్టాడు. ఆ మనిషికి ఈ మాత్రం చేయకపోతే ఎట్లా అనుకున్నాడు లింగప్ప.

మూడు గంటలకు ధర్మవరంలో దిగి నేరుగా వాళ్ళ వీధిలోకే నడిచాడు. పని రేపైనా, గిన్నె ఈ రోజే చూపించాలని ఆత్రం. ఇంటికి ఇంకా నాలుగు గడపల దూరంలో ఉండగా అతని కాళ్ళు నెమ్మదించాయి. మగ్గం చప్పుడు వినపడడం లేదు. ఈ రోజు అమావాస్య కాదు.

వాకిట్లో చెప్పులు గుంపుగా ఉన్నాయి.

వెంకటేశులును అప్పటికే చాప మీదికి దించారు. పన్నెండున్నరకు కూతురు తినిపిస్తున్న పెరుగన్నం రెండు ముద్దలు తిని, మూడోది నోట్లో ఉండగానే పోయాడట. ముఖం మీద తెల్లటి గడ్డం గరుకుగా లేచి ఉంది. కమలాక్షి అతన్ని చూసి "ఎన్నిసార్లు ఫోన్ సేసినాము చిన్నమామా" అని తల దించుకుంది. ఆ తల దించుకోవడమే అతన్ని కోసేసింది.

ప్రమోద తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది.

"నాయన నా పక్క మొగమే తిప్పలేదు చిన్నాయనా" అంది. "బాగుండే చేత్తో టవలు లాగి లాగి చెంపల మీద కప్పుకుంటాండె. ఇన్నాళ్ళూ రాలేదని నా మీద కోపమేమో. కోపంతోనే పాయె."

లింగప్ప ఆమె పక్కన కూర్చున్నాడు. ఊరుకుంటే ఆ పిల్ల బతుకంతా ఆ మాట మోస్తుంది.

"కోపం గాదు పాపా. గడ్డం నీకు కనపడగూడదని. నువ్వొస్తాండావని గీయమని నిన్ననే నన్ను అడిగినాడు. నేనే మంగళవారమంటి." చేతిలోని సంచి కింద పెట్టాడు. "నేనే అంటి పాపా."

ప్రమోద తల ఎత్తి అతని వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. తండ్రి పాదాల మీద తల ఆనించి, అప్పుడు ఏడ్చింది.

పొద్దు గుంకకముందే ఎత్తాలన్నారు. సాగనంపే ముందు గడ్డం గీయడం వాళ్ళ ఇంటి ఆనవాయితీ. కుమారస్వామి దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "మంగళవారం గదా చిన్నాయనా. ఇంకెవరినైనా పిలుస్తా."

"సావుకు వారం లేదురా" అన్నాడు లింగప్ప. అది కూడా నాయన మాటే. ఇన్నేళ్ళలో ఆ మాట ఇంత సిగ్గు తెప్పించడం ఇదే మొదటిసారి. బతికున్న మనిషి చెంప చూపించి అడిగితే అడ్డం వచ్చిన వారం, మనిషి పోగానే తప్పుకుని దారి ఇచ్చింది.

షాపుకు పోయి నాయన కత్తి తెచ్చాడు. "నీళ్ళు కాంచమ్మా" అన్నాడు కమలాక్షితో.

గిన్నె రెండు గోడల మధ్యా నీళ్ళు పోశాడు. లోపల సబ్బు వేసి నురగ తీశాడు. తెల్లగా, చిక్కగా పొంగింది. బ్రష్షు ముందు తన చెంపకు తాకించి వేడి చూసుకున్నాడు. తర్వాత చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కుడి చెంప మీద పెట్టాడు. అలవాటు కొద్దీ చెయ్యి ఒక్క క్షణం ఆగింది, వణుకు కోసం. వణుకు రాలేదు.

"సల్లగుండాదా అన్నా?" అని అడిగాడు.

పక్కనున్నవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. అతను ఎవరినీ చూడలేదు. చర్మాన్ని బొటనవేలితో సాగదీసి, పైనుంచి కిందికి, ఎప్పటికంటే నెమ్మదిగా గీశాడు. ఎక్కడా గాటు పడలేదు. తుడిచాక రెండు చెంపలూ అరచేతులతో తడిమి చూశాడు. పాప చూడదగ్గట్టుగా ఉన్నాయి. ప్రమోద వంగి తండ్రి చెంపకు తన చెంప ఆనించింది.

ఎత్తారు. లింగప్ప ఒక భుజం పట్టాడు. డప్పుల చప్పుడు వీధి చివరికి పోయి, మలుపు తిరిగి, సన్నబడింది. ఆడవాళ్ళు ఇల్లు కడగడానికి నీళ్ళు తోడుతున్నారు.

మగ్గం గుంత గట్టు మీద, పోగు మోయడం ఆపిన నాడె పక్కన, వంకరపిడి గిన్నె మిగిలింది. అంచున నురగ అప్పుడే ఎండిపోతోంది. గిన్నె మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.