ఆదివారం బోణి

మంగళవారం మా ఏంజెల్ చేపలు కండె మీద గుడ్లు పెట్టినయి.

ఆ కండె కార్ఖానాలోది. మరమగ్గాన్ని మేము సాంచ అంటం. సాంచ నాడెలో నూలు చుట్టి పెట్టే ప్లాస్టిక్ పుల్లనే కండె. అంచు పలిగిందని పారేస్తే తెచ్చి, చేపల తొట్టిలో ఇసుకలో నిలబెట్టిన. ఆడచేప దానికి పొట్ట ఆనించుకుంట కింది నుంచి పైకి పోయింది. వెనుకనే మగచేప. మళ్లా కిందికి, మళ్లా పైకి. చూస్తుండగానే కండె నిండా గుడ్ల వరుసలు తేలినయి. తేనెరంగు నూలు చుట్టినట్టు.

"మీ కార్ఖానాల ఇంత సక్కగ చుట్టేటోళ్లు ఉన్నరా?" అన్నది కరుణ.

కరుణ నా భార్య. సూరత్‌లో, డిండోలి దిక్కు మాది ఒక్క రూము. నేను పొద్దంతా సాంచల నడుమ నిలబడుత. తను ఇంట్లో కూసొని చీరెల మీద స్టోన్లు అంటిస్తది. నాకు మాట్లాడుడు చాతకాదు. తనకు చీరె మీదికెళ్లి తల ఎత్తే తీరిక లేదు. తొట్టి వచ్చినంకనే తల ఎత్తుడు మొదలుపెట్టింది. స్టోన్ పెట్టుడు, చేపను చూసుడు. చేపను చూసుడు, స్టోన్ పెట్టుడు.

ఇది మూడో కాన్పు. మొదటి రెండూ దక్కలేదు. రెండుసార్లూ గుడ్లు పెట్టినంక వచ్చిన ఆదివారం నేను చేపల దుకాణానికి పోయిన. పోతే ఉత్త చేతులతో ఎట్ల వస్తం? ఏదో ఒక కొత్త చేప కవర్లో వచ్చింది, తొట్టిలో పడ్డది. తెల్లారి చూస్తే గుడ్లు లేవు. నీళ్లు పాడైనయేమో అనుకున్న. కాదని కనిపెట్టింది కరుణ. కొత్తది కనపడితే తల్లీతండ్రీ బెదిరి, తమ గుడ్లు తామే మింగుతున్నయి.

"నీళ్ల దోషం కాదు. నీ చేతి దోషం" అన్నది.

ఈసారి కట్టడి మొదలైంది. తొట్టి ముందు గట్టిగ మాట్లాడొద్దు. గిన్నె చప్పుడు కావొద్దు. ఎదురింటి బాలవ్వ "ఏమైందే పిల్లా, గొంతు పోయిందా?" అని అడిగితే, తను నోటి మీద వేలు పెట్టుకొని తలుపు దగ్గరికేసింది. శుక్రవారానికి గుడ్లు పగిలినయి. పిల్లలు కండెకే అంటుకొని, వెంట్రుక తోకలు ఆడిస్తున్నయి. ఒక్కసారిగా కండె మొత్తం వణికినట్టు కనపడుతది. అన్నం ముందర పెట్టుకొని కూడా దాన్నే చూసినం. కూర చల్లారిపోయింది.

ఆదివారానికి అవి కండె విడిచి ఈదుతయి. ఈదినంక మేత కావాలె. మామూలు మేత వాటి నోట్లో పట్టది. ఆర్టీమియా అని ఒక పొడి ఉంటది, తైదలపిండి లెక్క. అది దొరికేది ఉధ్నాలో హస్ముఖ్‌భాయ్ దుకాణంలోనే.

అంటే నేను మళ్లా అదే దుకాణానికి పోవాలె.

"నిన్నొక్కన్ని తోలితే పిల్లిని పాలకు కావలి పెట్టినట్టే" అని కరుణ లింబాయత్‌లో ఉండే తమ్మునికి ఫోన్ చేసింది. వాడు నర్సింగం. వాడూ సాంచల మీదనే పని. నేను తక్కువ చేసిన మాటలన్నీ వాడు మాట్లాడుతడు.

"ఫికర్ చెయ్యకు అక్కా! బావ చెయ్యి జేబుల పడ్డదంటే మణికట్టు కాడ పట్టుకుంట. పోలీసోళ్ల లెక్క తోలుకొస్త."

"చేప మీద కన్ను పడనియ్యకు తమ్మీ."

"కండ్లకు గంతలు కట్టి తీస్కపోతనే."

కరుణ ఇంకో ఉపాయం కూడా చెప్పింది. ఆదివారం పొద్దున బొంబాయి బండికి కొత్త చేపలు దిగుతయి. దుకాణంలో వాటిని అద్దాల తొట్లల్లో పోసేసరికి బాగా పొద్దెక్కుతది. "డబ్బాలు ఇప్పకముందే పోయి, పొడి తీసుకొని, మర్లి రాండ్రి" అన్నది. ముగ్గురికీ ఉపాయం బాగనే అనిపించింది.

మేము పోయేసరికి దుకాణం షట్టరు సగమే లేచి ఉన్నది. హస్ముఖ్‌భాయ్ అగర్‌బత్తి వెలిగించి గల్లాపెట్టె చుట్టూ తిప్పుతున్నడు. మమ్మల్ని చూసి మొఖం విప్పారింది.

"అరే సోమాభాయ్! ఆవో, ఆవో! ఇయ్యాల బోణి నీ చేతిదే!"

నేను నర్సింగం దిక్కు చూసిన. వాడు నా దిక్కు చూసిండు.

బోణి సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ యాదికి రాలేదు. పొద్దుగాల దుకాణంలో కాలు పెట్టినోడు మొదటి బేరం కాకుండా మర్లిపోతే, ఆ దినమంతా ఆ దుకాణదారు నోట్లో మట్టి కొట్టినట్టే. మా సిరిసిల్ల దిక్కు అయినా, సూరత్ అయినా ఆ మాట ఒక్కటే. మా అవ్వ పొద్దున కూరగాయల గంప ముందు మమ్మల్ని ఊరికే నిలబడనిచ్చేది కాదు.

"ఆర్టీమియా ఒక్క ప్యాకెట్ భాయ్" అన్న. కండ్లు కిందికే పెట్టుకున్న.

"ఇస్త, ఇస్త. ముందు చేపతో బోణి కానియ్యి. ఇది చూడు." ఆయన కత్తితో డబ్బా టేపు కోసిండు. బొంబాయి డబ్బా. మేము తప్పించుకుందామని వచ్చింది దాన్నే. మా కాళ్ల ముందరనే మూత లేచింది.

లోపల కవర్లు. గాలితో ఉబ్బి, కోడిపిల్లల లెక్క ఒకదానికొకటి ఆనుకొని ఉన్నయి. ఒక్కో కవరు ఎత్తి బల్బు కింద పట్టిండు. తోకలు విసనకర్రలైన గప్పీలు. ఎర్రటి టోపీ పెట్టుకున్న గోల్డ్‌ఫిష్. నేను ఓర్చుకున్న. నా చేతులు వెనుక కట్టుకున్న. నర్సింగం నా ఎదురుగ నిలబడి, అరచెయ్యి బోర్లేసి కిందికి అదుముతున్నడు. కార్ఖానా చప్పుడులో మాట వినపడది కాబట్టి మాకు సైగలుంటయి. దాని అర్థం 'సాంచ ఆపు'.

అప్పుడు హస్ముఖ్‌భాయ్ అడుగు నుంచి ఇంకో కవరు తీసిండు.

"ప్లాటినం" అన్నడు. అంతకంటే ఎక్కువ చెప్పలేదు. చెప్పే పని లేదు.

ఏంజెల్ చేపనే. మా వాటి లెక్క నల్ల చారలు లేవు. మచ్చ లేదు. అప్పుడే సాంచ మీదికెళ్లి కోసిన సాటిన్ గుడ్డను ఎండకు పడితే మడతలో ఒక నీలం మెరుపు పారుతది చూడు, అది తిరిగినప్పుడల్లా ఒంటి మీద ఆ మెరుపు పారుతున్నది. రెక్కలు పైకీ కిందికీ దారాల లెక్క సాగినయి. ఫోన్లో ఎన్నోసార్లు చూసిన. ఎదురుగ చూసుడు ఇదే మొదలు. నా గుండె సాంచ లెక్కనే కొట్టుకున్నది.

నర్సింగం చెయ్యి గాలిలో అట్లనే ఆగిపోయింది. "బావా..." అన్నడు. "బావా, ఇది చేపనేనా?"

"నువ్వు చూడకు."

"నేను చూస్తలేను. అదే నన్ను చూస్తున్నది."

హస్ముఖ్‌భాయ్ ఆ కవరు నా రెండు చేతుల్లో పెట్టిండు. "బోణి. పైసలు పగారు నాడు ఇయ్యి."

నీళ్ల బరువు అరచేతిలో ఆడుతున్నది. చేప ఒక్కసారి తిరిగి మొఖం నా దిక్కు పెట్టింది. అప్పుడు మనిషికి ఎన్ని ఉపాయాలు తోస్తయో! బకిట్లో పెట్టొచ్చు. గాలి పంపుకు ఇంకో పైపు తగిలించొచ్చు. తొట్టికి నడుమ అద్దం అడ్డం పెట్టొచ్చు. నర్సింగం రూముల ఉంచొచ్చు. ఒక్క వారమే కదా. బోణి కాదంటే పాపం కదా. పాపానికి వెరిచి కొన్నడంటరు, ఆశకు కొన్నడని ఎవరంటరు? నా చెయ్యి జేబు దిక్కు పోయింది. పోలీసోడు నా మణికట్టు పట్టుకోలేదు. వాడు కవరు కింది నుంచి చేప పొట్ట చూస్తున్నడు.

జేబులో చేతికి ఫోన్ తగిలింది. మోగుతున్నది.

వీడియో కాల్. కరుణ మొఖం తెర నిండా ఉన్నది. మాట లేదు, పెదవులు ఆడుతున్నయి. సాంచల నడుమ పనిచేసినోడు చెవులతో కాదు, కండ్లతో వింటడు. చదివిన.

'లేచినయి.'

ఫోన్ తొట్టి దిక్కు తిప్పింది.

కండె ఖాళీ! దాని పైన, నీళ్లలో, ఒక సన్నటి మబ్బు. మబ్బు కదులుతున్నది. ప్రతి చుక్కకూ రెండు కండ్లు. తల్లి ముందర పోతుంటే మబ్బు దాని వెనుక పోతున్నది, తల్లి ఆగితే ఆగుతున్నది. నేను కవరు గల్లా మీద పెట్టి ఫోన్ రెండు చేతులతో పట్టుకున్న. నర్సింగం నా భుజం మీద గడ్డం పెట్టిండు. హస్ముఖ్‌భాయ్ కండ్లద్దాలు వెతుక్కొని ఇటు పక్క నుంచి తల దూర్చిండు.

"నీ ఇంట్లనా? నిజంగనా సోమాభాయ్?"

ఒక పిల్ల మబ్బు నుంచి విడిపోయింది. పక్కకు, కిందికి, ఇసుక దిక్కు తూలుకుంట పోయింది. మగచేప చూసింది. గిర్రున తిరిగి వచ్చింది. నోరు తెరిచింది.

పిల్ల లేదు.

కరుణ చేతిలో ఫోన్ పక్కకు ఒరిగింది. ఫోన్లో మా సీలింగ్ ఫ్యాన్ కనపడ్డది, గోడ మీది క్యాలెండర్ కనపడ్డది.

"మింగిండా? బావా, మింగిండా వాడు?" నర్సింగం నా అంగీ గుంజుతున్నడు. "అక్కా! ఫోన్ సక్కగ పట్టు అక్కా!"

"మెల్లగ!" అన్న. మళ్లా అదే. ఈసారి కొత్త చేప కూడా పోలేదు. ఇంక కరుణ తల ఎత్తుతదా?

ఫోన్ మళ్లా తొట్టి మీదికి వచ్చింది. మగచేప దవడలు ఆడించుకుంట పోతున్నది. సక్కగ మబ్బు కాడికి పోయింది. ఆగింది. ఉఫ్‌మని ఊదింది. నోట్లో నుంచి పిల్ల బయటపడి, మిగిలిన వాటిలో కలిసింది.

హస్ముఖ్‌భాయ్ గల్లా మీద చేత్తో కొట్టిండు. "అరే వా! బాప్ అంటే ఇట్లుండాలె! పిల్లి తన కూనను మోసినట్టు మోసిండు!" నర్సింగం ఎగిరిండు. అద్దాల్లోని గోల్డ్‌ఫిష్‌లన్నీ ఒక మూలకు ఉరికినయి.

కరుణ తెర మీదికి వచ్చింది. కండ్ల నిండా నీళ్లు, పండ్లన్నీ కనపడుతున్నయి. పెదవులు మళ్లా ఆడినయి.

'మేత. జల్ది.'

నేను కవరు ఎత్తి ఆయన చేతిలో పెట్టిన. "వద్దు భాయ్. పొడి ఇయ్యి, చాలు."

ఆయన నవ్వు తగ్గింది. "సోమాభాయ్, నీ సంతోషం నా సంతోషమే. కాని పొడితో బోణి ఎట్ల చేస్తం? మా బాపూజీ నాటి నుంచి ఆదివారం బోణి ప్రాణమున్నదానితోనే. ఎండు సామాను తర్వాతనే అమ్ముతం."

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. పక్కనే వాళ్ల నాయిన ఫోటోకు అప్పుడే వేసిన పూలదండ ఉన్నది. కాదంటే ఆయన దినం పాడు, అవునంటే మా ఇల్లు పాడు. నేను నేల చూసిన, పైకి చూసిన. గల్లా వెనుక గోడకు ఒక బాటిల్ తలకిందులుగా వేలాడుతున్నది. లోపల గాలి బుడగలు, ఉప్పు నీళ్లు. ఆయన తన చేపపిల్లల కోసం పెట్టుకున్నదే. బల్బు వెలుతురుకు లోపల సన్నటి నలుసులు గుండ్రంగ తిరుగుతున్నయి. తిరుగుడు బుడగలతో కాదు. కొన్ని బుడగలకు ఎదురుగ పోతున్నయి.

"భాయ్, ఆ బాటిల్ల నిన్న ఏం పోసినవు?"

"ఇదే పొడి."

"ఇప్పుడు అండ్ల తిరిగేటియి ఏంటివి?"

ఆయన బాటిల్ దిక్కు చూసిండు.

"ఎండినట్టు కనపడే గుడ్లు భాయ్ ఇవి. లోపల ప్రాణం నిద్రపోతున్నది. ఉప్పునీళ్లు తాకితే లేస్తది. నువ్వే చెప్పినవు నాకు ఒకనాడు. చేపనిస్తే ఒక్క ప్రాణంతో బోణి. ఈ ప్యాకెట్ ఇస్తే ఎన్నిటితోనో నువ్వే లెక్క పెట్టు."

నేను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడుడు నర్సింగం ఎన్నడూ వినలేదు. నోరు తెరిచిండు, మూసిండు, అచ్చం చేప లెక్క.

హస్ముఖ్‌భాయ్ ప్యాకెట్ చేతిలోకి తీసుకొని చెవి దగ్గర ఊపి చూసిండు. ఇంకోసారి ఊపిండు. పొట్ట ఆడేటట్టు నవ్విండు. "మా బాపూజీకి కూడా ఇది తోచలేదు!" నా పైసలు తీసుకొని కండ్లకద్దుకున్నడు, ఫోటోకు చూపించిండు, గల్లాలో వేసిండు. బోణి అయింది.

మెట్లు దిగుతుంటే నర్సింగం వెనుకకు తిరిగి చూసుకుంట, "బావా, ఆ తెల్లది... నా రూముల బకిట్ ఒకటి ఖాళీగనే ఉన్నది" అన్నడు.

ఈసారి వాని మణికట్టు నేను పట్టుకున్న.

షేర్ ఆటోలో ఇద్దరమూ కుదురుగ కూసోలేదు. ఇంటి ముందర చెప్పులు చేత పట్టుకొని, మునివేళ్ల మీద లోపలికి పోయినం. బాటిల్ అడుగు కోసినం, తలకిందులు కట్టినం, ఉప్పు కలిపినం, గాలి పైపు పెట్టినం. పొడి పోసేటప్పుడు కరుణ రెండు చేతులూ అడ్డం పెట్టింది, రవ్వంత కూడా కింద పడొద్దని. నర్సింగం ఇంటికి పోలేదు. పొదిగినంకనే పోతనని తొట్టి ముందరనే చాప వేసుకున్నడు.

సోమవారం పొద్దున బాటిల్‌లో నలుసులు తిరిగినయి. కరుణ వాటిని పాత చీరె ముక్కలో వడగట్టి, చెంచాతో మబ్బు నడుమ జార విడిచింది. పిల్లలు మొదలు పక్కకు జరిగినయి. ఒకటి ఆగింది. వెనుకకు వంగి, చటుక్కున ముందరికి దూకింది. ఇంకోటి దూకింది. ఆనక అన్నీ. మేము ముగ్గురం అద్దానికి ముక్కులు ఆనించినం. చూస్తుండగానే, గాజు లెక్క కనపడే ఆ ఒంటిలో, ఒక్కొక్కదాని పొట్ట నారింజ రంగుకు తిరిగింది. ఇక్కడొకటి, అక్కడొకటి. కొంచెంసేపటికి మబ్బంతా దీపాలు.

కరుణ లేచింది. వారం దినాల నుంచి గుసగుసలే మాట్లాడిన మనిషి, తలుపు బార్లా తెరిచి గల్లీలోకి ఉరికింది.

"తిన్నయి! మా పిల్లలు తిన్నయి!"

ఎదురింట్లో బాలవ్వ వాకిలి ఊడ్చుడు ఆపింది. "ఏం పిల్లలే? ఎన్నడు కన్నవే?"

"లోపలికి రా అవ్వా," అన్నది కరుణ, చీపురు గుంజి అవతల పారేసి. "చెప్పులు ఇడిచి, మెల్లగ రా."