టాంకు మూతలో సబ్బు

మా బావకు బండి నడపడం రాదని నేను తీర్మానించేశాను. అక్క మొగుడు కదా అని కూడా చూడకుండా నా మెకానిక్ షెడ్డులో అందరి ముందే అనేశాను.

"ఇది రెండో పంపు బావా! పాతదానికి రెట్టింపు పెట్రోలు తోస్తుంది. ఇక ఆగిందంటే నీ కాలి దోషమే."

బావ నోట్లో నాలుక లేని మనిషి. "నీ దగ్గర ఆగట్లేదు, నా దగ్గరే ఆగుతోంది. నేనేం చేసేదిరా?" అన్నాడు మెల్లగా.

ఆయన డయాలసిస్ రోగులను ఆసుపత్రికి చేర్చే వ్యాను నడుపుతాడు. ఆ నెలలో నాలుగుసార్లు దారి మధ్యలో ఆగిపోయింది. ఇంకొక్కసారి ఆగితే వేరే వ్యాను చూసుకుంటామని అక్కడి సూపర్‌వైజరమ్మ తెగేసి చెప్పింది. బావకు ఇంకో పని రాదు. అక్క ఫోన్‌లో భోరున ఏడ్చింది. అందుకే పెద్ద పంపు బిగించి, గంటన్నర తిప్పి మరీ చూశాను. ఒక్కసారి దగ్గితే ఒట్టు.

మర్నాడు బావ తప్పు పట్టుకుందామని నేనే పక్కన కూర్చున్నాను. వెనక ముగ్గురు రోగులు. నలభై నిమిషాలకు, వంతెన ఎక్కుతుండగా, బండి గుటకలు మింగి ఆగిపోయింది. బావ కాలిని కళ్లార్పకుండా చూస్తూనే ఉన్నాను. ఏ తప్పూ లేదు.

"ఏం నాయనా, నీ కొత్త పంపు కూడా సెలవు పెట్టిందా?" అంది వెనక సీట్లోని టీచరమ్మ.

ఒళ్లు మండింది. పెట్రోలు ఉందో లేదో చూద్దామని దిగి మూత తిప్పాను. టాంకు ఉస్సుమని గాలి పీల్చుకుంది. పెట్రోలు ఎంత బయటికి పోతే అంత గాలి లోపలికి రావాలి. రాకపోతే ఎంత పెద్ద పంపయినా ఏం లాగి చస్తుంది? అందుకే మూతకు సన్నటి చిల్లు ఉంటుంది. ఆ చిల్లులో సబ్బు కుక్కి ఉంది.

"ఎవరి పనిది?"

"నాదే. పెట్రోలు వాసనకి టీచరమ్మకి వాంతులవుతున్నాయి. డయాలసిస్ అయ్యి నీరసంగా వచ్చే మనిషి, చూడలేకపోయాను," అన్నాడు బావ.

తిట్టడానికి నోరు తెరిచాను. అంతలో గుర్తొచ్చింది. పంపు బిగించినప్పుడల్లా టాంకు మూత బల్లమీద పడేసి, దాని బదులు గుడ్డ పెట్టి బండి తిప్పడం నా అలవాటు. గుడ్డలోంచి గాలి పోతుంది. అందుకే నా దగ్గర ఎప్పుడూ ఆగలేదు. రెండు పంపులు మార్చిన మొనగాణ్ణి, మూత వంక ఒక్కసారి చూడలేదు! సిగ్గుతో చచ్చిపోయాను.

సబ్బు గీకేస్తే బండి కదిలింది. అప్పటికే ఇరవై నిమిషాలు ఆలస్యం. సూపర్‌వైజరమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది.

"మళ్లీనా? ఈసారి తప్పెవరిది?"

బావ తల వంచుకున్నాడు. "నాదేనండీ..."

"ఆయన మాట వినకండి," అన్నాను. "మెకానిక్కుని నేను. ఐదుసార్లూ తప్పు నాదే, చూడాల్సింది చూడలేదు. ఈ సాయంత్రం చిల్లు లేని మూత పెట్టి, టాంకుకు గాలి అందేలా ఒక గొట్టం వేసి బండి వెనక్కి లాగేస్తాను. లోపలికి వాసన రాదు, బండి ఆగదు. ఆయన్ని తీసేయకండి."

టీచరమ్మ బావ చెయ్యి పట్టుకుని వ్యాను దిగింది.

"ఇతను లేకపోతే నేను రానమ్మా. వేరేవాళ్లయితే నా వాంతి కడుగుతారా? ఇన్నాళ్లూ ఇతనే కడిగాడు."

ఆ సంగతి నాకు తెలియదు. అక్కకీ తెలిసి ఉండదు.

సూపర్‌వైజరమ్మ గడియారం చూసుకుని, "ముందు లోపలికి పదండి," అంది. రెండడుగులు వేసి బావ వైపు తిరిగింది. "రేపు ఏడింటికల్లా ఇక్కడుండాలి."

బావ వ్యాను ఎక్కి, స్టీరింగు పట్టుకుని ఏడ్చేశాడు. దాచుకోవడమెందుకు, నేనూ ఏడ్చాను.